ప్రశ్నలూ నేనే రాశాను, జవాబులూ నేనే రాశాను

కొత్తగా సోషల్ టీచర్లుగా చేరుతున్న పిల్లలకు ముందే ఒక మాట చెప్పేస్తాను. ప్రజాస్వామ్యం పాఠం చెప్పడం చాలా తేలిక, పిల్లలు దాన్ని నమ్మనంత కాలం. నమ్మారంటే మాత్రం మీ పని అయిపోయినట్టే. నా పని ఒకసారి అయిపోయింది. ఆఫీసరు ముందు, ఊరివాళ్ల ముందు, పట్టపగలు షామియానా కింద అయిపోయింది. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చుని తలుచుకుంటే నవ్వాగదు గాని, ఆ రోజు మాత్రం నాకు ముచ్చెమటలు పోశాయి.

నా సర్వీసులో చివరి ఏళ్లు భద్రాచలం పక్కన సారపాక దాటి అడవి వైపు పోయే రోడ్డు మీద ఒక హైస్కూల్లో చేశాను. మాది తిరుమలాయపాలెం దగ్గరి పల్లె. అడవంటే దూరం నుంచి చూడ్డమే గాని లోపలి ఊళ్ల సంగతులు నాకు తెలియవు. రోజూ సారపాక నుంచి షేరాటోలో వచ్చేదాన్ని, షేరాటోలో పోయేదాన్ని. కోపం ముక్కుమీదే ఉండేది. పిల్లలు చాటుగా నన్ను ‘టపాకాయ టీచర్’ అంటారని తెలుసు. తెలిసినా ఏం మార్చుకోలేదు. పైగా కొంచెం గర్వంగా కూడా ఉండేది, దాచడమెందుకు.

మా బడికి ఒక పేరుండేది. ఏటా మండలాల మధ్య మాక్ అసెంబ్లీ పోటీలు పెడతారు. పిల్లలే ముఖ్యమంత్రి, మంత్రులు, ప్రతిపక్షం, స్పీకరు. బల్లలు వేసి, మెడలో కండువాలు వేసి, అచ్చం అసెంబ్లీలాగా నడిపించాలి. నేను చేరాక రెండేళ్లూ ప్రైజు మాదే. ఎట్లా అంటారా? ఒక లాంగ్ నోటుబుక్కు కొని, ఎడమ పేజీలో ప్రశ్నలు, కుడి పేజీలో జవాబులు నేనే రాసేదాన్ని. ప్రతిపక్షం ఎక్కడ బల్ల చరచాలో, అధికారపక్షం ఎక్కడ చప్పట్లు కొట్టాలో కూడా బ్రాకెట్లో రాసేదాన్ని. పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పేవాళ్లు. ఒక్క మాట తప్పితే రిహార్సల్ మళ్లీ మొదటి నుంచి. దాన్నే నేను ప్రజాస్వామ్య విలువల బోధన అనుకున్నాను. జడ్జీలు కూడా అదే అనుకున్నారు మరి.

మూడో ఏడు ప్రతిపక్ష నాయకురాలి కోసం తొమ్మిదో తరగతిలో వెతికాను. ఒక పిల్ల ఉండేది. అడవి లోపలి కోయగూడెం నుంచి వచ్చేది. తండ్రి పేపరు మిల్లుకు పోయే జామాయిల్ కర్ర నరికే కూలి. పిల్ల సన్నగా ఉంటుంది గాని గొంతు మాత్రం మైకు అక్కర్లేని గొంతు. చదివిస్తే నోట్లోంచి అక్షరాలు గింజల్లాగా రాలేవి. ఎంచుకున్నాను. కాని ఆ పిల్ల మీద నాకొక పెద్ద ఫిర్యాదుంది. నా పీరియడ్‌కి ఉండదు.

తొమ్మిదో తరగతికి సోషల్ చివరి పీరియడ్. మూడూ ముప్పై అయిదుకు మొదలై నాలుగుంబావుకు ముగుస్తుంది. నేను హాజరు పిలిచి పుస్తకం తెరిచేసరికి వెనక బెంచీల్లోంచి తొమ్మిది మంది లేచి సంచులు భుజాన వేసుకునేవాళ్లు. “బస్సు టీచర్” అనేవాళ్లు. హెడ్మాస్టరు ఎప్పుడో ఇచ్చిన పర్మిషనట. నాలుగింటి బస్సుకు పోవాలట. నాకు ఒళ్లు మండేది. రోడ్డు మీద బోర్డుంది, అయిదున్నరకు ఇంకో బస్సుందని దాని మీద రాసుంది. ఇంకో గంటన్నర ఉంటే వీళ్ల సొమ్మేం పోయింది? లెక్కల పీరియడ్‌లో లేస్తారా ఇట్లా? సోషల్ అంటే లోకువ. అదీ నా బాధ.

ఆ టైంటేబులు వేసింది ఎవరో కూడా ఇక్కడే ఒప్పుకుంటాను. నేనే. హెడ్మాస్టరు టైంటేబులు బాధ్యత నాకప్పగించారు. లెక్కల సారు ఖమ్మం మనిషి, మాట తీరే కొంచెం ఎకసెక్కెం. “మొదటి పీరియడ్లు మాకియ్యిండ్రి మేడం. సోషల్‌కేంది, పిల్లలు కునికిపాట్లు పడుకుంట గూడ వినొచ్చు” అన్నాడు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను. మూడో రోజు ఆయన చెప్పినట్టే వేశాను. ఎందుకంటే సాయంత్రం పూట పిల్లలు అలిసిపోయి ఉంటారు, అల్లరి చెయ్యరు, నేను హాయిగా చదివించేసి పోవచ్చు. బయటికి రోషం, లోపల సుఖం.

ఇంతవరకైతే ఇది చెప్పుకోదగిన కథ కాదు. నేను ఎర్ర పెన్ను తీశాను, అక్కడ మొదలైంది. దసరా తర్వాత ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చే రోజు ఆ తొమ్మిది మంది కార్డుల మీదా రాశాను: ‘చివరి పీరియడ్‌లో తరగతిలో ఉండడం లేదు. తల్లిదండ్రులు గమనించాలి.’ రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను.

తర్వాతి వారం మా ప్రతిపక్ష నాయకురాలు మూడు రోజులు బడికి రాలేదు. పోటీకి ఇంకా పది రోజులే ఉంది. ఈసారి జిల్లా నుంచి ఒక ఆఫీసర్ మేడం మా బడికే వచ్చి మా అసెంబ్లీ చూసి మార్కులు వేస్తుందట. మా అటెండర్ భాయ్‌ని పిలిచాను. భద్రాచలం మనిషి, చిన్నప్పుడు తండ్రితో సైకిల్ మీద గాజులమ్ముతూ అడవి ఊళ్లన్నీ తిరిగినవాడు, ఇప్పుడు మోటర్ సైకిల్ మీద తిరుగుతాడు. “ఒక్కసారి పోయి సంగతేందో కనుక్కుని రా భాయ్” అన్నాను. సాయంత్రానికి వచ్చాడు.

“మేడం, ఆ పిల్ల ఇగ రాదంట.”

“ఏం, ఎందుకు?”

“కార్డు మీద మీరు రాసింది ఆ ఊర్ల ఎవరో చదివి చెప్పిన్రంట. మీ బిడ్డ ఆఖరు పీరియడ్ల బడిల ఉంటలేదు, యాడికి పోతున్నదో చూసుకో అని. ఊరంత గుసగుసలు. వాళ్ల నాయినకు తలకాయ కొట్టేసినట్టయింది. గిట్లయితే బడి వద్దు, మిరపకాయల ఏరుడుకు తోలుత అంటున్నడు.”

నా గుండె గుభేలుమంది. కాని ఆ గుభేలుమనడంలో సగం పిల్ల కోసం, సగం ప్రైజు కోసం. నిజం చెబుతున్నాను కదా, అంతా చెప్పాలి. మర్నాడు మళ్లీ భాయ్‌ని పంపాను, ఆఫీసరొస్తుంది, బడి పరువుపోతుంది, ఆ సభ అయ్యేదాకా పంపమని బతిమాలమన్నాను. తండ్రి ఒప్పుకున్నాడు. “గా సభ దాక పంపుత. ఆ తెల్లారి నుంచి మిరప తోటకే” అన్నాడట.

పిల్ల వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. పక్కకు పిలిచి, “ఎందుకే నీకీ తంటాలు? చివరి పీరియడ్‌కి బుద్ధిగా కూర్చోవచ్చు కదా?” అన్నాను.

“బస్సు టీచర్...”

“అయిదున్నర బస్సు లేదూ?”

“ఉన్నది టీచర్, గని అది...”

“నాకు తెలుసులే. సాకులు చెప్పకు. పో, నీ ప్రశ్నలు బట్టీ పట్టు.”

నోరు తెరిచిన పిల్ల నోరు మూయించి, అసెంబ్లీలో ప్రశ్నలెట్లా అడగాలో నేర్పడానికి పంపించాను. ఆ రోజు నాకిది వింతగా తోచనే లేదు.

సభ రోజు వచ్చింది. బడి ముందు షామియానా వేశాం. స్పీకరుగా ఏడో తరగతి పిల్లను కుర్చీ మీద రెండు పాత డిక్షనరీలు వేసి కూర్చోబెట్టాం, లేకపోతే బల్ల మీంచి తల కనబడదు. సుత్తి బదులు చేతిలో డస్టరు. కొడితే సుద్దపొడి లేచి స్పీకరుగారికే తుమ్ములు. ఆఫీసర్ మేడం ముందు వరసలో కూర్చుంది, పడుచుపిల్ల, కాటన్ చీర, నవ్వు మొహం. పక్కన హెడ్మాస్టరు గారు చెమట తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆయన చాలా మంచివారు, ఎంత మంచివారంటే ఏ సంగతి తెచ్చినా “మనకెందుకు మేడం లొల్లి” అనేవారు. తల్లిదండ్రులను కూడా పిలిచాం. చివరి వరసలో, తువ్వాలు భుజాన వేసుకుని మా పిల్ల తండ్రి నిలబడ్డాడు. కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు.

నేను పక్కన స్తంభం చాటున లాంగ్ నోటుబుక్కు తెరిచి నిలబడ్డాను, ఎవరైనా మర్చిపోతే అందించడానికి. ముఖ్యమంత్రి బాగా మాట్లాడాడు. బ్రాకెట్లో రాసిన చోట బల్లలు మోగాయి. ఆఫీసర్ మేడం తలూపుతోంది. ఇంక ప్రైజు ఇంటికొచ్చినట్టే అనుకున్నాను.

“ఇప్పుడు ప్రశ్నోత్తరాలు. ప్రతిపక్ష నాయకురాలు” అంది స్పీకరు, తుమ్మి.

మా పిల్ల లేచింది. నా నోటుబుక్కులో ఏడో పేజీ. ‘మండలంలో రోడ్ల అభివృద్ధికి ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?’ నేను పెదాలు కదుపుతూ చూస్తున్నాను.

“అధ్యక్షా! విద్యామంత్రి గారిని అడుగుతున్న. తొమ్మిదో తరగతికి సోషల్ పీరియడ్ ఆఖర్న ఎందుకు పెట్టిన్రు?”

నేను పేజీ తిప్పాను. ముందు పేజీ చూశాను. వెనక పేజీ చూశాను. ఎక్కడుంటుంది?

“అధ్యక్షా! మా ఊరికి నాలుగింటి బస్సొక్కటే పోతది. అయిదున్నర బస్సు క్రాస్ రోడ్డు కాడ తిరిగిపోతది, లోపలికి రాదు. ఆడికెల్లి ఆరు కిలోమీటర్లు అడివిల నడవాలె. ఆడపిల్లలం అయిదుగురం ఉన్నం. గందుకే నాలుగింటి బస్సుకు పోతున్నం. ఏడికో పోతలేం. బడి తెరిచినప్పటి సంది మాకు ప్రజాస్వామ్యం పాఠం ఒక్కటి గూడ పూర్తిగ వినే యోగం లేకపాయె. దీనికి ప్రభుత్వం జవాబు చెప్పాలె!”

బ్రాకెట్లో లేకపోయినా బల్లలు దద్దరిల్లాయి. అధికారపక్షం కూడా చరిచేసింది.

విద్యామంత్రి దమ్మపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలం కొనుక్కున్న రైతు ఇంటి అబ్బాయి. వాళ్ల తాతలది కోస్తా. పాపం, రోడ్ల గురించి రాసిచ్చిన జవాబు గొంతు దాకా తెచ్చుకుని ఉన్నాడు. ఆపుకోలేకపోయాడు. “అధ్యక్షా! ఈ విషయాన్ని మా ప్రభుత్వం తీవ్రంగా పరిశీలిస్తోందండి. ఇప్పటికే నలభై కిలోమీటర్ల మేర తారు వేశామండి...”

షామియానా గొల్లుమంది. ఆఫీసర్ మేడం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. స్పీకరు డస్టరుతో బల్ల మీద ఠపీమని కొట్టింది.

“మంత్రి గారూ! అడిగినదానికి చెప్పండి. పీరియడ్‌కి తారెట్ల ఏస్తరు?”

వాడు ఎర్రగా కందిపోయాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. చివరికి నిజం చెప్పేశాడు. “అధ్యక్షా, టైంటేబులు నేను వెయ్యలేదండి. మా టీచర్ వేశారండి.”

షామియానాలో ఎంతమంది ఉన్నారో అన్ని తలలూ నా స్తంభం వైపు తిరిగాయి. నోటుబుక్కు జారి కిందపడింది. హెడ్మాస్టరు గారు గొణుగుతున్నారు, “చెప్పిన గద, మనకెందుకీ లొల్లి...” లెక్కల సారు మొహం మాత్రం పండగలా వెలిగిపోతోంది. నేను ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాను, అసలు ఆ పిల్లను మందలించడానికే, “ఏమే, నిన్ను...” అని మొదలుపెట్టాను.

“టీచర్, మీరు సభ్యులు గాదు” అంది డిక్షనరీల మీది స్పీకరు. గొంతు వణుకుతోంది, డస్టరు మాత్రం వదల్లేదు. “మీరు మాట్లాడాలంటే సభ పర్మిషన్ కావాలె. మీరే నేర్పిన్రు. టీచర్ మాట్లాడొచ్చు అన్నోళ్లు చేతులెత్తండి.”

చేతులు లేచాయి. అన్నీ లేచాయి. ముందుగా లేచింది మా ప్రతిపక్ష నాయకురాలి చెయ్యి. ఆ చెయ్యి చూశాక నా కోపం ఎక్కడికి పోయిందో పోయింది. నాకు నవ్వొచ్చింది, కళ్లు కూడా తడిశాయి, రెండూ ఒకేసారి.

“అధ్యక్షా” అన్నాను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి వందసార్లు పిల్లలతో పలికించిన మాట, నేను అనడం అదే మొదలు. “టైంటేబులు నేనే వేశాను. పిల్లలు అలిసిపోయి ఉంటే అల్లరి చెయ్యరని చివర పెట్టుకున్నాను. అది నా సుఖం కోసం. అయిదున్నర బస్సు ఎక్కడిదాకా పోతుందో నాకు తెలియదు. ఈ పిల్ల చెప్పబోతే నేను వినలేదు. తెలుసుకోకుండానే ఈ తొమ్మిది మంది కార్డుల మీద తప్పుగా రాశాను. ఈ పిల్ల ఎక్కడికీ పోలేదు. బస్సెక్కి ఇంటికి పోయింది. తప్పు నాది.”

ఆ చివరి మాటలు సభకు చెప్పలేదు, చివరి వరసకు చెప్పాను. తండ్రి తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

“మరి ఇప్పుడేం చేస్తరు?” అంది ప్రతిపక్షం. వదిలిపెట్టే రకం కాదు.

సోషల్ ముందుకు జరుపుతానన్నాను. వెంటనే ఆ తొమ్మిది మందిలోనే ఒక పిల్లాడు లేచి, అప్పుడు లెక్కలు ఆఖరికొస్తాయి, అవి పోతాయి కదా అన్నాడు. లెక్కల సారు వెలుగు తగ్గింది. ఆటల పీరియడ్ చివర పెడదామని ఒకరన్నారు, మా ఆటలెందుకు పోవాలని అయిదుగురు లేచారు. పది నిమిషాలు కొట్లాడుకున్నారు. ఒక్క మాట కూడా నా నోటుబుక్కులోది కాదు, అయినా ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆగారు, చెయ్యెత్తి అడిగారు, ఓడితే కూర్చున్నారు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. వీళ్లకు ఇది ఎవరు నేర్పారని.

చివరికి మా పిల్లే తేల్చింది. “అధ్యక్షా! పొద్దున ప్రేయర్ల హెడ్మాస్టర్ సార్ ఇరవై నిమిషాలు స్పీచ్ ఇస్తరు. గది తీసేస్తే పీరియడ్లన్ని ఇరవై నిమిషాలు ముందుకొస్తయి. బడి నాలుగింటికి అయిదు నిమిషాల ముందే అయిపోతది. అందరికి అన్ని పాఠాలు దొరుకుతయి.”

హెడ్మాస్టరు గారు మెల్లగా లేచారు. సభ అనుమతి అడిగారు, ఇచ్చారు.

“అధ్యక్షా... రోజుకో మంచి మాట చెప్తున్న, మీరు బాగుపడాలని...”

“బోర్డు మీద రాయండి సార్” అంది స్పీకరు జాలిగా. “మేమే చదువుకుంటం.”

ఓటింగు పెట్టారు. చేతులన్నీ లేచాయి. హెడ్మాస్టరు గారు ఒకసారి ఆఫీసర్ మేడం వైపు, ఒకసారి పిల్లల వైపు చూసి, తన చెయ్యి కూడా ఎత్తేశారు. ఆ చప్పట్లకు ఆయనకే సిగ్గేసి నవ్వేశారు. ఆఫీసర్ మేడం లేచి, “టైమింగు మార్పుకి కాగితం పెట్టండి సార్, నేను పర్మిషన్ ఇప్పిస్తాను” అంది. నాతో మాత్రం, “స్క్రిప్టు ప్రకారం జరగలేదు కదా మేడం, మార్కులు వెయ్యడం కష్టం” అని, కన్నుకొట్టి జీపెక్కింది. ఆ ఏడు ప్రైజు దమ్మపేట వైపు ఒక బడికి పోయింది. పోనీ.

కుర్చీలు సర్దుతున్న అటెండర్ భాయ్ మీద పడ్డాను. “అయిదున్నర బస్సు లోపలికి పోదని నీకు తెలుసా?”

“తెలుసు మేడం.”

“మరి చెప్పవేం?”

“మీరు అడగలే గద” అన్నాడు, ఏమాత్రం తొణకకుండా.

కొత్త టీచర్లూ, నేను మీకు చెప్పదలచింది ఈ ముక్కే. ప్రశ్నించడం నేర్పుతాం మనం, బాగానే నేర్పుతాం. ఒకసారి మనం కూడా అడిగి చూడాలి. ఆ తర్వాతి ఏళ్లలో మాక్ అసెంబ్లీకి నేను ప్రశ్నలు రాయలేదు. ప్రైజులూ రాలేదు. కాని ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఏదో ఒకటి అడిగేవాళ్లు, బోరింగు ఎందుకు పనిచేయట్లేదనో, గుడ్డు వారానికి మూడని రాసి రెండే ఎందుకు పెడుతున్నారనో. స్టాఫ్ రూములో అందరం ఆ రోజుకు భయపడుతూ ఎదురుచూసేవాళ్లం. అంత సందడి నేను ఇంకెక్కడా చూడలేదు.

సరే, ఆ రోజు సంగతి ముగించనివ్వండి. జనం పోయాక తండ్రి నా దగ్గరికొచ్చాడు. చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన ప్రోగ్రెస్ కార్డు తీశాడు. వెనకాల పిల్ల నేల చూస్తూ నిలబడింది.

“మేడం, మీరు ఇందాక నోటితోని చెప్పిన్రు. మంచిగున్నది. గని దీంట్ల రాసి ఉన్నది గద. మా ఊర్ల చదివి చెప్పినోడు ఈడికి రాలే. ఆడు మల్ల చదవాలె.”

“కొట్టేస్తాను, ఇవ్వు.”

“కొట్టేస్తే సరిపోదు మేడం. ఎందుకు కొట్టేసిన్రో గది గూడ రాయుండ్రి. సంతకం పెట్టుండ్రి.”

చదువు రాని మనిషి నాకు సివిక్స్ నేర్పుతున్నాడు. కూర్చున్నాను. అదే ఎర్ర పెన్ను తీశాను. ‘పైన రాసింది తప్పు. ఈ అమ్మాయి ఏ రోజూ బడి ఎగ్గొట్టలేదు, హెడ్మాస్టరు పర్మిషన్‌తో నాలుగింటి బస్సుకు ఇంటికి పోయింది. తప్పు రాసింది నేను.’ సంతకం పెట్టి, తేదీ వేసి ఇచ్చాను.

ఆయన కార్డును కూతురికిచ్చాడు. “చదువు బిడ్డ.”

చదివింది. మెల్లగా, నేల చూస్తూనే.

“ఇంకోసారి చదువు. గట్టిగ.”

తలెత్తి చదివింది, మైకు అక్కర్లేని ఆ గొంతుతో. గేటు దగ్గర సైకిలాపి ఎవరో ఇటు చూశారు. తండ్రి మొహం నిండా నవ్వు. ఆ నవ్వు నేను అప్పుడే చూడ్డం.

“మిరప తోట?” అన్నాను భయం భయంగా.

“మిరపకాయలు మేం ఏరుకుంటంలే మేడం” అన్నాడు. కార్డు మడిచి జేబులో పెట్టుకుని, కూతురి సంచి తన భుజాన వేసుకున్నాడు. “నడు బిడ్డ, జల్దీ. బస్సు పోతది.”

ఇద్దరూ ఉరికారు.